హెర్బేరియం పత్రాలలో తెలుగు వృక్షనామాలు: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం హెర్బేరియంలో 18వ శతాబ్దిలో తెలుగు తీరం నుంచి వెళ్లిన మొక్కల నమూనాలు భద్రంగా ఉన్నాయి. వృక్షశాస్త్రజ్ఞులకు అవి జాతి నిర్ణయానికి ఆధారాలు. తెలుగు భాషాసాహిత్య పరిశోధనకు కూడా అవి ఆధారసామగ్రి అవుతాయా, అవుతే ఏ మేరకు నమ్మదగినవి అన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఎండిన మొక్కను కాపాడిన వ్యవస్థే దాని పేరు చెప్పిన నోటిని విడిచిపెట్టిందనీ, ఆ లోపాన్ని గుర్తించకుండా మన నిఘంటువులు, వ్యాఖ్యానాలు దానిమీద ఆధారపడ్డాయనీ ఇందులో ప్రతిపాదించబడింది.

కీలకపదాలు: హెర్బేరియం, వృక్షనామాలు, రాక్స్‌బర్గ్, సామర్లకోట, నిఘంటువు, చండ్ర, ఆముక్తమాల్యద.

1. 'విశేషము' అనే అర్థం

శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో వర్షర్తువును వర్ణిస్తూ జడివాన వేళ రెడ్ల భోజనాన్ని చెబుతాడు. గురుగు, చెంచలి, తుమ్మి, తగిరిస ఆకులకు చింతచిగురు చేర్చి నూనెతో వండిన కూర ఆ భోజనంలో ఉంది. తెలుగు ఎం.ఏ. తరగతుల్లో ఈ పద్యం తరచుగా వినిపించేదే. దానిలోని గ్రామీణ జీవనచిత్రణను, రాయల లోకజ్ఞతను విమర్శకులు మెచ్చుకుంటూనే ఉన్నారు. అయితే చెంచలి అంటే ఏ మొక్క అని విద్యార్థి అడిగితే సంప్రదాయ నిఘంటువుల ధోరణిలో దొరికే సమాధానం 'శాకవిశేషము' అన్నది మాత్రమే. చెట్టయితే వృక్షవిశేషము, తీగయితే లతావిశేషము, పువ్వయితే పుష్పవిశేషము. ప్రబంధాల్లోని వనవర్ణనలు చదివేటప్పుడు ఈ 'విశేషము' ఎన్నిసార్లు ఎదురవుతుందో పరిశోధకులకు అనుభవమే.

ఇది నిఘంటుకర్తల అజ్ఞానం కాదు. 1885లో శబ్దరత్నాకరాన్ని వెలువరించిన బహుజనపల్లి సీతారామాచార్యుల కాలపు పాఠకుడికి చెంచలి పెరట్లోనో చేనిగట్టునో కనిపించేది. ఆ పదం కూరాకు పేరని చెబితే చాలు, మిగిలినది పాఠకుడి కన్ను పూర్తిచేసేది. ఆ కన్ను ఇప్పుడు లేదు. కలుపుమందులు వచ్చాక చేనిగట్టు మీది ఆకుకూరలు అరుదయ్యాయి. పదానికీ పదార్థానికీ మధ్యనున్న తీగ తెగింది. కనుక ప్రాచీన కావ్యంలోని వృక్షనామాన్ని నిర్ణయించడం నేడు పాఠపరిష్కరణలాంటి పనే: సాక్ష్యాలు సేకరించాలి, వాటి విలువ తూచాలి, ఏ సాక్ష్యం ఏ దారిన వచ్చిందో చూడాలి. ఆ దారిని వెనక్కు పట్టుకుపోతే పరిశోధకుడు చేరే చోటు గ్రంథాలయం కాదు, హెర్బేరియం.

2. పత్రం అంటే ఏమిటి

హెర్బేరియం అంటే ఎండబెట్టిన మొక్కల భాండాగారం. పువ్వు, ఆకు, వీలైతే కాయ, చిన్న మొక్కయితే వేరుతో సహా సేకరించి, కాగితాల మధ్య పరిచి, బరువుపెట్టి నొక్కి, తడి పూర్తిగా పోయేదాకా కాగితాలు మారుస్తూ ఆరబెడతారు. తరువాత దానిని గట్టి కాగితంపై అతికించో కుట్టో నిలుపుతారు. పురుగు పట్టకుండా ఒకప్పుడు పాదరసపు విషలవణం పూసేవారు. అందుకే పాత పత్రాలను ఇప్పటికీ జాగ్రత్తగా ముట్టుకోవాలి. పత్రం అడుగున చీటీ ఉంటుంది. అందులో మొక్క పేరు, సేకరించిన చోటు, తేదీ, సేకర్త పేరు ఉండాలి. తరువాతి కాలపు పండితుడు ఆ పేరు తప్పని భావిస్తే పాత చీటీని చింపడు. తన నిర్ణయాన్ని మరో చీటీపై రాసి పక్కన అతికిస్తాడు. రెండు వందల ఏళ్ల పత్రంపై నాలుగైదు చీటీలు పేరుకుని ఉండటం సాధారణం. తాళపత్ర ప్రతుల అంచుల్లో లేఖకుల దిద్దుబాట్లు చూసిన తెలుగు పరిశోధకులకు ఈ పద్ధతి కొత్తగా తోచదు.

ఈ పత్రాల్లో కొన్నింటికి ప్రత్యేక ప్రతిపత్తి ఉంది. ఒక జాతికి తొలిసారి శాస్త్రీయనామం పెట్టినప్పుడు ఆ నామం ఒక నిర్దిష్ట నమూనాకు కట్టుబడుతుంది. దానిని టైప్ అంటారు. తరువాత ఎన్ని వివాదాలు వచ్చినా ఆ పేరుకు అర్థం ఆ ఒక్క పత్రమే. పదానికి అర్థాన్ని ఇంత గట్టిగా ఒక వస్తువుకు ముడివేసిన విధానం నిఘంటుశాస్త్రంలో ఎక్కడా లేదు. కాని ఆ వస్తువు నుంచి పోయేవి కూడా తక్కువేమీ కావు. రంగు పోతుంది, వాసన పోతుంది, చెట్టు ఎత్తు పోతుంది. నిప్పుల కొండలా కనిపించే మోదుగ పూత పత్రంపై గోధుమరంగు మరకగా మిగులుతుంది. కావ్యసంప్రదాయం కింశుకాన్ని దాని ఎరుపుతోనే గుర్తుంచుకుంది. హెర్బేరియం ఆ ఎరుపును తప్ప మిగిలిన అన్నింటినీ గుర్తుంచుకుంది. ఒకదాని లోపాన్ని ఒకటి పూరించవలసిన ఈ రెండు జ్ఞాపకాలు ఇంతకాలం ఒకదాన్నొకటి పలకరించుకోలేదు.

లండన్ మ్యూజియం హెర్బేరియం చరిత్ర 1759లో బ్రిటిష్ మ్యూజియం తలుపులు తెరిచిన నాటికంటే పాతది. హాన్స్ స్లోన్ కూడబెట్టిన 265 సంపుటాల ఎండుమొక్కలు దానికి పునాది. 1690లలో మద్రాసు సెయింట్ జార్జి కోటలో వైద్యుడుగా ఉన్న సామ్యూల్ బ్రౌన్ పంపిన మొక్కలను జేమ్స్ పెటివర్ వర్ణించి రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించాడు. ఆ పెటివర్ సేకరణ కూడా తరువాత స్లోన్ చేతికే చేరింది. 1820లో మరణించిన జోసెఫ్ బ్యాంక్స్ హెర్బేరియం 1827లో మ్యూజియానికి వచ్చింది. 1881లో ఈ ప్రకృతి సంచయాలు దక్షిణ కెన్సింగ్టన్ భవనానికి మారాయి. నేడక్కడ 50 లక్షలకు పైగా మొక్కల నమూనాలు ఉన్నాయి. 1940 బాంబుదాడిలో మంటలార్పడానికి చల్లిన నీటికి తడిసి, 1793లో చైనాలో సేకరించిన పట్టుసిరిస విత్తనాలు మొలకెత్తిన ఉదంతం ప్రసిద్ధం. నమూనా అంటే పూర్తిగా మృతవస్తువనే భావనను ఆ మొలకలు కొంత సడలించాయి.

3. తెలుగు తీరం నుంచి

ఈ సంచయంలో తెలుగు దేశానికి సంబంధించిన భాగానికి ఇద్దరు ముఖ్యులు. మొదటివాడు యోహాన్ గెర్‌హార్డ్ కోనిగ్. లిన్నేయస్ శిష్యుడు. 1768లో డేనిష్ స్థావరమైన తరంగంబాడికి వైద్యుడుగా వచ్చి, తరువాత ఆర్కాటు నవాబు కొలువులోను, 1778 నుంచి ఈస్టిండియా కంపెనీలోను ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా పనిచేశాడు. 1785లో కాకినాడ జగన్నాథపురంలో మరణించాడు. తన కాగితాలను, సేకరణలను బ్యాంక్స్‌కు చెందేటట్లు ఏర్పాటు చేశాడు. ప్రతి తెలుగు ఇంటి పోపులో పడే కరివేపకు 1771లో లిన్నేయస్ పెట్టిన బెర్గేరా కోనిగీ అన్న పేరు ఈయన స్మృత్యర్థమే. ఎర్రచందనానికి 1782లో లిన్నేయస్ కుమారుడు శాస్త్రీయనామం పెట్టినప్పుడు కూడా కోనిగ్ పంపిన సమాచారమే ఆధారం.

రెండవవాడు విలియం రాక్స్‌బర్గ్. 1776లో మద్రాసుకు కంపెనీ వైద్యుడుగా వచ్చి, 1781 నుంచి సామర్లకోటలో ఉన్నాడు. అక్కడ మిరియం, నీలి, మల్బరీ, కాఫీ వంటి వాటితో తోటలో ప్రయోగాలు చేశాడు. 1787లో కోరంగి తీరాన్ని ముంచెత్తిన ఉప్పెనలో ఆయన పుస్తకాలు, అంతవరకు చేసిన సేకరణలు పోయాయి. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. కంపెనీ డైరెక్టర్లకు పంపిన చిత్రాలు, వర్ణనల నుంచి బ్యాంక్స్ ఎంపికచేసిన 300 మొక్కలతో 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా 'ప్లాంట్స్ ఆఫ్ ద కోస్ట్ ఆఫ్ కారమాండల్' వెలువడింది. 1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా ఉద్యానానికి వెళ్లిపోయాడు, 1815లో ఎడింబరోలో మరణించాడు. ఆయన 'ఫ్లోరా ఇండికా' మరణానంతరం అచ్చయింది. కలకత్తా ఉద్యానంలోని మొక్కల పట్టికను విలియం కేరీ 1814లో ప్రచురించాడు. అదే ఏడాది అదే కేరీ తెలుగు వ్యాకరణం శ్రీరాంపురంలో అచ్చయిందన్నది సాహిత్య చరిత్రకారులు పక్కపక్కన పెట్టి చూడని విషయం.

రాక్స్‌బర్గ్ సేకరణ ఒక్కచోట లేదు. లండన్, క్యూ, ఎడింబరో, బ్రసెల్స్, జెనీవాలకు చెదిరింది. పైగా ఆయన చీటీలు క్లుప్తమైనవి. ఆయన పేరుపెట్టిన జాతుల్లో చాలావాటికి అసలు నమూనా దొరకకపోవడంతో, ఆయన చేయించిన చిత్రాన్నే టైప్‌గా స్వీకరించవలసి వచ్చింది. దీని అర్థం గమనింపదగినది. సామర్లకోటలో ఒక దేశీయ చిత్రకారుడు గీసిన బొమ్మ, అంతర్జాతీయ వృక్షశాస్త్రంలో ఒక లాటిన్ పేరుకు అంతిమ ప్రమాణమయింది. ఆ చిత్రకారుడి పేరు మాత్రం గ్రంథంలో ఎక్కడా లేదు. లండన్‌లో రాగిరేకు చెక్కిన మెకంజీ పేరు ఉంది.

4. చండ్ర: ఒక మాట, రెండు లాటిన్ రూపాలు

రాక్స్‌బర్గ్ తన వర్ణనల్లో 'తెలింగ' పేర్లను రోమన్ లిపిలో ఇచ్చాడు. కొన్నింటిని శాస్త్రీయనామాల్లోకే ఎక్కించాడు. వీటిలో భాషాశాస్త్ర దృష్టితో అత్యంత ఆసక్తికరమైనది చండ్ర.

సంస్కృత నిఘంటువుల్లోని ఖదిరానికి తెలుగులో చండ్ర, సండ్ర అని రెండు రూపాలున్నాయి. కాచును ఇచ్చే ముళ్లచెట్టు ఇది. కారమాండల్ గ్రంథం మూడవ సంపుటంలో రాక్స్‌బర్గ్ దీనికి మైమోసా సుండ్రా అని పేరుపెట్టాడు. అంతకుముందే, తరంగంబాడి మిషనరీ రాట్లర్ 1803లో రాక్స్‌బర్గ్ పేరిటనే మైమోసా చుండ్రా అన్న నామాన్ని ప్రకటించి ఉన్నాడు. వృక్షశాస్త్రజ్ఞులు ఈ రెండింటి మధ్య చాలాకాలం తర్జనభర్జన పడ్డారు. రెండూ ఒకే చెట్టువని చెప్పి, ముందుగా ప్రకటితమైన చుండ్రాకు ప్రాధాన్యమిచ్చేవారున్నారు. దీనిని కాచుచెట్టులో ఒక ఉపజాతిగా చూసేవారూ ఉన్నారు.

తెలుగు తెలిసినవారికి ఈ సమస్య వేరేగా కనిపిస్తుంది. అచ్చతెలుగు మాటల్లో అకారంతో కూడిన చకారం దంత్యం. ౘండ్ర అని పలికినప్పుడు ఆ ధ్వని చకారసకారాల మధ్య నిలుస్తుంది. ఇంగ్లీషు చెవికి దానికి సరిపోయే అక్షరం లేదు. ఒకసారి సీహెచ్ అని, మరోసారి ఎస్ అని రాయడం సహజం. చండ్ర, సండ్ర అని తెలుగులోనే జంటరూపాలు ఉండటం ఈ మార్పును మరింత బలపరుస్తుంది. కనుక ఆ రెండు లాటిన్ నామాలు రెండు చెట్లకు కాదు, దంత్య చకారాన్ని పట్టుకోవడానికి జరిగిన రెండు ప్రయత్నాలకు గుర్తులని భావించవచ్చు. అచ్చు సంగతీ అంతే. పంజాబ్ పేరులోని మొదటి అకారానికి ఇంగ్లీషువారు యు రాసినట్టే ఇక్కడా రాశారు. లాటిన్ పద్ధతిలో చదివేవారు దానిని ఉకారంగా పలకడంతో చండ్ర కాస్తా చుండ్రా అయింది. తెలుగు తెలియని వ్యాఖ్యాత ఎవరైనా దానిలో సంస్కృత 'చంద్ర' శబ్దాన్ని వెతికితే ఆశ్చర్యపడనక్కరలేదు.

ఇలాంటివి మరికొన్ని ఉన్నాయి. సోమిద చెట్టు బెరడును జ్వరానికి సింకోనా బదులు వాడవచ్చునని రాక్స్‌బర్గ్ సూచించాడు. 1794లో ఎడింబరో విశ్వవిద్యాలయంలో ఆండ్రూ డంకన్ వైద్యపట్టం కోసం సమర్పించిన లాటిన్ సిద్ధాంతవ్యాసం ఆ బెరడు గురించినదే. దాని శీర్షికలో సోమిద అన్న మాట ఉంది. తెలుగు శాఖలు పుట్టడానికి శతాబ్దానికి పైగా ముందే ఒక తెలుగు పదం పాశ్చాత్య విశ్వవిద్యాలయ పరిశోధన శీర్షికకు ఎక్కిందన్నమాట. 1830లో అది సోయ్‌మిడా అనే ప్రజాతినామంగా స్థిరపడింది. శేషాచలం కొండల్లోని తంబ చెట్టు పేరు షోరియా టుంబుగ్గాయియాలో ఉంది. వృక్షాలు మాత్రమే కాదు, విశాఖపట్నంలో పనిచేసిన పాట్రిక్ రసెల్ 1796 నాటి సర్పగ్రంథంలో నమోదుచేసిన 'బంగారుపాము' నుంచి 1803లో కట్లపాముల ప్రజాతికి బంగారస్ అన్న పేరు వచ్చింది. కారమాండల్ గ్రంథానికి ముందుమాట రాసినది కూడా ఈ రసెలే.

వీటిని తెలుగు గొప్పదనానికి నిదర్శనాలుగా పట్టిక వేసుకోవడం సులభం. అలాంటి వ్యాసాలకు కొరత లేదు. కాని ఈ రూపాల పరిశోధన విలువ వాటి ఘనతలో లేదు, వాటి వంకరలో ఉంది. ఆ వంకర ఒక నిర్దిష్ట కాలంలో, ఒక నిర్దిష్ట ప్రాంతంలో తెలుగువారి ఉచ్చారణను ఒక పరభాషీయుడు ఎలా విన్నాడో చెబుతుంది. గోదావరీ తీరపు 18వ శతాబ్ది ఉచ్చారణకు ఇటువంటి సాక్ష్యాలు ఎక్కువగా లేవు.

5. సాక్షి ఎవరు?

ఆ సాక్ష్యం ఎంత బలమైనదని అడిగితే సమాధానం అంత అనుకూలంగా ఉండదు.

మొదటి లోపం లిపిది. హ్రస్వదీర్ఘాలు, ద్విత్వాలు, దంత్యమూర్ధన్యాలు నియతంగా గుర్తించని లిప్యంతరీకరణలో 'నేల', 'నల్ల', 'నెల' ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. నేలతాడి నల్లతాడిగా మారడానికి ఒక అక్షరం చాలు. రెండవ లోపం స్థలానిది. పాత చీటీలపై తరచుగా కనిపించేది ఇండియా ఓరియెంటాలిస్ అనే సంక్షేపం, లేదా కారమాండల్ అన్న మాట. ఒక తీరమంతా ఒక ఊరయింది. ఆ పేరు సామర్లకోటదా, సర్కారు కొండలదా, మద్రాసు చుట్టుపక్కలదా చెప్పడం కష్టం. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ పదాల సంపుటాన్ని దీనితో పోల్చి చూస్తే తేడా స్పష్టమవుతుంది. అందులో ప్రతి మాటకూ ప్రాంతం ఉంది. రాక్స్‌బర్గ్‌లో ఉన్నది 'తెలింగ' అన్న ఒక్క ముద్ర.

మూడవ లోపం అన్నిటికంటే పెద్దది. పేరు ఎవరు చెప్పారు? చిరివేరుతో ఎర్రరంగు అద్దే విధానాన్ని రాక్స్‌బర్గ్ విపులంగా వర్ణించాడు. తవ్వడం, ఆరబెట్టడం, నానబెట్టడం, అద్దకపు క్రమం అన్నీ ఉన్నాయి. అదంతా చూపించిన అద్దకపువారి పేరు లేదు. పత్రంపై సేకర్త పేరుకు స్థానం ఉంది. నిర్ణేత పేరుకు స్థానం ఉంది. చెప్పినవారి పేరుకు ఆ కాగితంపై స్థానమే ఏర్పడలేదు. ఇది రాక్స్‌బర్గ్ ఒక్కడి తప్పు కాదు. మిగిలిన సమకాలికులతో పోలిస్తే ఆయన దేశీయనామాలను శ్రద్ధగానే నమోదుచేశాడు. ఆ పత్రపు నిర్మాణమే అలాంటిది. వ్యవస్థ అడగని ప్రశ్నకు వ్యక్తి సమాధానం రాసిపెట్టడు. ఇప్పుడు ఈ పత్రాలను డిజిటలీకరిస్తున్నారు. ఛాయాచిత్రాలు ఎక్కడినుంచైనా చూడవచ్చు. మేలైన పనే. అయినా కొత్త పట్టిక పాత చీటీనుంచే నిండుతుంది కనుక, అక్కడ లేనిది ఇక్కడ పుట్టదు.

చెప్పినవారు పోయినా వారి వర్గీకరణ పేర్లలో మిగిలింది. తెలుగు వృక్షనామాల్లో పెద్దభాగం రెండు మాటల సమాసాలు: విశేషణం ముందు, కులనామం వెనుక. మోదుగ, తీగమోదుగ, ఈత, చిట్టీత, తెల్లమద్ది, నల్లమద్ది, ఉసిరి, నేల ఉసిరి. లిన్నేయస్ పద్ధతిలోనూ రెండు మాటలే, క్రమం మాత్రం తలకిందులు. పైన చెప్పిన నాలుగు జంటల్లోను తెలుగువారు ఒక కులంగా చూసినవాటిని వృక్షశాస్త్రం కూడా ఒకే ప్రజాతిలో ఉంచింది. మోదుగ, తీగమోదుగలను రాక్స్‌బర్గ్ బ్యూటియా అన్న ఒకే ప్రజాతిలో చేర్చాడు. చెట్టుకూ తీగకూ బంధుత్వం చూపిన ఆ తెలుగు పేర్లు ఆయనకు ముందే ఉన్నాయి. ఆ నిర్ణయంలో వాటి పాత్ర ఎంతో నిరూపించలేము. పూల నిర్మాణమే దానికి చాలునని వృక్షశాస్త్రజ్ఞులు అనవచ్చు.

అన్నిచోట్లా రెండు దృష్టులూ కలవవు. కలవనిచోటే వివేచన మొదలవుతుంది. వేప, కరివేప, నేలవేము మూడింటికీ తెలుగులో ఒకటే కులనామం. వృక్షశాస్త్రం మూడింటినీ మూడు కుటుంబాల్లో పెడుతుంది. తెలుగు పేరు కరివేపలో ఆకు పోలికను చూసింది, నేలవేములో చేదును చూసింది. లిన్నేయస్ పువ్వులో కేసరాలు లెక్కపెట్టాడు. నాలుకతో చేసిన వర్గీకరణ తక్కువది, కంటితో చేసినది ఎక్కువది అనడానికి వీల్లేదు. రెండింటి ప్రయోజనాలు వేరు. వైద్యుడికీ వంటింటికీ చేదు ముఖ్యం. ఎండిన పత్రానికి చేదు తెలియదు.

6. నిఘంటువులోని వలయం

ఈ చర్చ తెలుగు పరిశోధనకు నేరుగా తగిలే చోటు నిఘంటువు. 1852లో వెలువడిన సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వృక్షనామాలకు 'విశేషము' దగ్గర ఆగలేదు. లాటిన్ పేర్లు ఇచ్చింది, చాలాచోట్ల రాక్స్‌బర్గ్ సంపుటాన్ని, పుటను సూచించింది. ఇది పెద్ద ముందడుగు. తరువాతి ద్విభాషా నిఘంటువులు, కావ్యవ్యాఖ్యానాలు, ఆయుర్వేద గ్రంథాలు బ్రౌన్‌నుంచి ఆ పేర్లు తీసుకున్నాయి. నేటి సిద్ధాంతవ్యాసాల్లో ప్రబంధ వృక్షాలకు పట్టికలు వేసేవారు వాటినుంచి తీసుకుంటున్నారు. అంటే తెలుగు మాట పేరు తెలియని ఒక తెలుగు నోటినుంచి రాక్స్‌బర్గ్ చెవికి, అక్కడినుంచి ఫ్లోరా ఇండికాకు, దానినుంచి బ్రౌన్‌కు, బ్రౌన్‌నుంచి మళ్లీ తెలుగు పాఠకుడికి చేరింది. ఈ వలయంలో ప్రతి మలుపూ ముందుదానిని నమ్మింది. ఎవరూ పత్రాన్ని తెరిచి చూడలేదు.

ఈలోగా పత్రాలు తెరిచినవారు వేరే ఉన్నారు. నేల ఉసిరి దీనికి మంచి ఉదాహరణ. పాత గ్రంథాలన్నీ దీనిని ఫిలాంథస్ నిరూరి అన్నాయి. నమూనాలను పోల్చిచూసిన వృక్షశాస్త్రజ్ఞులు 20వ శతాబ్ది ఉత్తరార్ధంలో నిరూరి అమెరికా ఖండపు మొక్క అనీ, మన దేశంలో ఆ పేరుతో చలామణీ అయినవి ఫిలాంథస్ అమారస్, మరికొన్ని దగ్గరి జాతులు అనీ తేల్చారు. హెర్బేరియంలో చీటీ మారింది. తెలుగు పుస్తకాల్లో నిరూరి ఇప్పటికీ అచ్చవుతూనే ఉంది. వైద్యగ్రంథంలో ఇది ఔషధానికి సంబంధించిన ప్రమాదం. కావ్యవ్యాఖ్యానంలో అంత ప్రమాదం లేకపోవచ్చు, కాని పాఠాంతరాన్ని చూడకుండా పద్యాన్ని అచ్చువేయడం వంటి దోషం మాత్రం అవుతుంది. ఒక శాస్త్రంనుంచి పేరును అరువు తెచ్చుకున్నప్పుడు ఆ శాస్త్రం దానిని దిద్దుకున్నదో లేదో చూడటం అరువు తెచ్చుకున్నవారి బాధ్యత.

బ్రౌన్ సమకాలికుడైన వాల్టర్ ఎలియట్ ఈ విషయంలో వేరే దారి తొక్కాడు. 1859లో మద్రాసులో అచ్చయిన ఆయన 'ఫ్లోరా ఆంధ్రికా' ఉత్తర సర్కారుల మొక్కల పట్టిక. అందులో అకారాది తెలుగు పేర్లది, లాటిన్ పేరు ఆ వెనుక వస్తుంది. శాస్త్రీయనామం కింద దేశీయనామాన్ని ఉపనామంగా చూపే ఆనవాయితీని ఇది తిరగవేసింది. ఈ గ్రంథాన్ని తెలుగు నిఘంటుచరిత్రలో భాగంగా చూడకపోవడం పెద్ద లోపం. ఎలియట్ అంటే మన చరిత్రకారులకు వెంటనే గుర్తొచ్చేది అమరావతి. 1845లో ఆయన తవ్వించి మద్రాసుకు చేర్చిన శిల్పాలు లండన్‌కు ఓడ ఎక్కినది కూడా 1859లోనే. అందుచేత హెర్బేరియం పత్రాలను అమరావతి శిల్పాలతో కలిపి, తరలిపోయిన సంపదగా మాట్లాడే ధోరణి ఒకటి ఉంది. ఈ పోలిక సగమే సరిపోతుంది. అమరావతి స్తూపం మీద ఆ శిలాఫలకం మళ్లీ మొలవదు. సామర్లకోట పొలిమేరలో మోదుగ మొలుస్తుంది. మొక్కల విషయంలో తిరిగిరానిది మొక్క కాదు, దాని పేరును ఆనాడు పలికిన తీరు, ఆ పలికిన మనిషి. వాటిని తిరిగి అడగడానికి ఏ మ్యూజియం దగ్గరా అవి లేవు.

ఇప్పుడు ఆముక్తమాల్యద పద్యానికి తిరిగి వస్తే, అందులోని ఆకుల్లో గురుగును సెలోసియా అర్జెంటియాగా, తుమ్మిని ల్యూకాస్ ప్రజాతి మొక్కగా, తగిరిసను సెన్నా టోరాగా గుర్తించడం వాడుకలో ఉంది. వీటిని వ్యాఖ్యానంలో చేర్చేవారు ఆ గుర్తింపు ఏ ప్రాంతపు వాడుకమీద, ఏ నమూనామీద ఆధారపడిందో చెప్పవలసి ఉంటుంది. తుమ్మి అన్న మాట కింద ల్యూకాస్‌లో ఒకటికంటే ఎక్కువ జాతులు వస్తాయి. రాయలు చూసిన తుమ్మి ఏదో పద్యంనుంచి తేలదు. అటువంటిచోట ప్రజాతి దగ్గర ఆగడమే నిజాయితీ.

చెంచలిని డిజెరా మ్యూరికేటా అంటారు. ఈ ప్రజాతినామం లాటినూ కాదు, గ్రీకూ కాదు. లిన్నేయస్ మరో శిష్యుడు ఫోర్స్‌కాల్ 1763లో యెమెన్‌లో మరణించాడు. ఆయన కాగితాలనుంచి 1775లో అచ్చయిన గ్రంథంలో అక్కడివారు ఆ మొక్కను పిలిచే అరబ్బు పేరే ప్రజాతినామంగా నిలిచింది. చెప్పిన అరబ్బు ఎవరో అక్కడా తెలియదు.